ఏడు వింతల్లో ఆరింటి రాళ్లు ఎటు పోయాయి?

నైలుగట్టు:
పురాతన ఏడు వింతల్లో గీజా పిరమిడ్ ఒక్కటే మిగిలింది, మిగతావి చాలావరకు భూకంపాలకు పోయాయి అని ఎక్కడ చూసినా ఇదే మాట. సరే, కూలాయి. కూలిన రాయైనా అక్కడే కుప్పగా పడి ఉండాలి కదా? అలెగ్జాండ్రియా దీపస్తంభం వంద మీటర్లు దాటిందంటారు. అంత రాయి ఏమైపోయింది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

రాతిగోడ:
మంచి ప్రశ్న అడిగారండీ. పాత రాతి కట్టడాల మరమ్మతు నా వృత్తి. ఒక కట్టడం సగం మాయమైందంటే మేం ముందు చుట్టుపక్కల గోడలు వెతుకుతాం. చెక్కి సిద్ధంగా ఉన్న రాయి చేతికందుతుంటే ఎవరూ కొత్తగా క్వారీకి వెళ్లరు. భూకంపం పడగొట్టి ఊరుకుంటుంది, మోసుకుపోయేది మనుషులే.

ఏడు వింతల్లో ఒకటైన హాలికర్నాసస్ సమాధినే తీసుకోండి. ఇప్పుడది తుర్కియేలోని బోద్రుమ్. క్రీ.పూ. 353లో చనిపోయిన అక్కడి పాలకుడు మౌసోలస్ కోసం కట్టింది, ఎత్తు సుమారు 45 మీటర్లు. మధ్యయుగాల్లో భూకంపాలకు కూలింది. తర్వాత సెయింట్ జాన్ నైట్లు అనే క్రైస్తవ యోధుల సంఘంవాళ్లు సముద్రం ఒడ్డున కోట కట్టుకుంటూ ఆ రాళ్లనే వాడారు. 1522లో ఒట్టోమన్ల దాడి భయంతో గోడలు గట్టిపరచడానికి మిగిలినదాన్నీ తవ్వుకున్నారు. పాలరాయిని బట్టీల్లో కాల్చి సున్నం చేశారు! గ్రీకు శిల్పుల ఉలి దెబ్బలు పడ్డ రాయి గోడల సందుల్లో గచ్చు అయిపోయింది. తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. గ్రీకు పురాణాల్లోని వీరవనితలైన అమెజాన్ల యుద్ధం చెక్కిన పలకలు కొన్ని కోట గోడల్లో అలంకారంగా పెట్టడం వల్ల బతికాయి. 1846లో వాటిని ఊడదీసి బ్రిటిష్ మ్యూజియానికి పంపారు. సమాధి తాలూకు నున్నటి దిమ్మెలు ఆ గోడల్లో ఇప్పటికీ కనిపిస్తాయి.

మీరడిగిన దీపస్తంభానిదీ అదే దారి. 1303, 1323 భూకంపాలు బాగా దెబ్బతీశాయి. 1349లో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా వెళ్లేసరికి లోపలికి అడుగుపెట్టే వీల్లేదు. 1477లో సుల్తాన్ ఖాయిత్‌బే అదే చోట కోట కట్టించాడు, శిథిలాల రాయి కొంత అందులోకి పోయింది. ఇంకొంత సముద్రంలో పడింది. 1994 నుంచి పురావస్తువాళ్లు నీళ్లలో దిగి పెద్ద పెద్ద దిమ్మెలను గుర్తిస్తూ వస్తున్నారు.

కంచుకొలిమి:
రోడ్స్ అనే గ్రీకు ద్వీపంలోని విగ్రహం కథ వేరండీ. అది సుమారు 33 మీటర్ల సూర్యదేవుడి కంచు విగ్రహం. కట్టడానికి 12 ఏళ్లు పట్టింది. నిలబడింది మాత్రం యాభై ఏళ్ల పైచిలుకే, క్రీ.పూ. 226 ప్రాంతంలో భూకంపానికి మోకాళ్ల దగ్గర విరిగి పడిపోయింది. ఈజిప్టు రాజు టోలెమీ మళ్లీ నిలబెట్టడానికి డబ్బిస్తానన్నా, దైవవాక్కు వద్దందని రోడ్స్ వాళ్లు ఒప్పుకోలేదట. ఆ పడిన విగ్రహాన్ని చూడ్డానికే జనం వచ్చేవారు. బొటనవేలిని రెండు చేతులా చుట్టి పట్టుకోగలిగేది కొద్దిమందేనని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. కంచు కరిగించి మళ్లీ పోసుకునే లోహం కాబట్టి చివరికి ముక్క మిగల్లేదు.

నైలుగట్టు:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. మరి పిరమిడ్‌ను ఎందుకు వదిలేశారు?

రాతిగోడ:
వదల్లేదండీ! పిరమిడ్ మీద మొదట తురా క్వారీల తెల్లటి సున్నపురాయి తొడుగు ఉండేది. దాన్ని ఒలుచుకుపోయి కైరో కట్టడాల్లో వాడుకున్నారు. 146 మీటర్ల పైచిలుకు ఉన్న ఎత్తు ఇప్పుడు 138 చిల్లర. లోపల దాదాపు 23 లక్షల దిమ్మెలు, అడుగు వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. ఆ ఆకారాన్ని కూల్చడం భూకంపం తరం కాదు, అంత రాయి తరలించడం మనుషుల తరమూ కాలేదు. పక్కనున్న ఖఫ్రా పిరమిడ్ కొన దగ్గర పాత తొడుగు కొంత ఇంకా ఉంది. ఫొటో పెద్దది చేసి చూడండి, నున్నటి భాగం ఎక్కడ ఆగి గరుకు రాయి ఎక్కడ మొదలైందో గీత గీసినట్టు తెలుస్తుంది.