చెప్పకుండా మానేసిన ఉద్యోగిని ‘అబ్‌స్కాండింగ్’ అనొచ్చా?

నిఘంటుప్రియ:
పది రోజులు కనబడకపోతే చాలు, కంపెనీ లేఖల్లో ‘అబ్‌స్కాండింగ్’ అని రాసేస్తున్నారు. ఇది తప్పనే అంటాను. అరెస్టు తప్పించుకోడానికో, సొమ్ము పట్టుకునో గుట్టుగా పారిపోతే ఆ మాట. మన పత్రికల ‘పరారీలో ఉన్నాడు’ అదే. నిందితుడు దొరక్కపోతే కోర్టు ప్రకటన ఇచ్చే సెక్షన్‌లోనూ (నేర విచారణ చట్టాలు: పాత సీఆర్‌పీసీ 82, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 84) ఉన్నది ఈ మాటే. జ్వరంతో మంచాన పడ్డవాడికీ అదే ముద్రా?

హెచ్ఆర్_విశాఖ:
ముద్రేం కాదండీ, సాఫ్ట్‌వేర్‌లో ఒక స్టేటస్. ఇక్కడి ఆఫీసుల్లో దానికి ‘చెప్పాపెట్టకుండా మానేశాడు’ అనే అర్థం ఎప్పుడో స్థిరపడింది. రాజీనామా లేదు, ల్యాప్‌టాప్ రాలేదు, ఫోన్ ఎత్తడు. ‘ఫ్రెంచ్ లీవ్’ అని రాయమంటారా?

మాటలపోగు:
వద్దు, అది మరో తంటా. స్మోలెట్ అనే రచయిత రాసిన 1771 నాటి ఇంగ్లీషు నవలలో దానికి చెప్పకుండా పోవడమనే అర్థం. తర్వాత పటాలాల్లో, ఆఫీసుల్లో అనుమతి లేని గైర్హాజరైంది. (ఫ్రెంచివాళ్లేమో ‘ఇంగ్లీషువాళ్లలా జారుకోవడం’ అంటారు.) ‘ఐరిష్ గుడ్‌బై’ పార్టీలో ఎవరికీ చెప్పకుండా జారుకునేవాళ్ల మాట. రెండూ కబుర్లకే.

కార్మికచట్టం:
మొదటి నోటీసులో ‘అన్‌ఆథరైజ్డ్ ఆబ్సెన్స్’ (అనుమతి లేని గైర్హాజరు) అని రాయండి. ఏ తేదీ నుంచి రాలేదో, ఏ తేదీలోగా హాజరై కారణం చెప్పాలో ఉండాలి. రికార్డులో ఉన్న చిరునామాలన్నిటికీ అక్నాలెడ్జ్‌మెంట్‌తో పోస్టు చెయ్యండి. ఆఫీసు మెయిల్ ఆపేసి, నోటీసు ఆ మెయిల్‌కే పంపే ఘనులున్నారు!

‘అబాండన్‌మెంట్’ (ఉద్యోగం వదిలేసుకున్నాడు) అని తొందరపడి రాస్తే ఇరుక్కునేది మీరే. తిరిగి చేరే ఉద్దేశం లేదని తేలాలని సుప్రీంకోర్టు 1979లో జి.టి. లాడ్ కేసులో చెప్పింది. ఎనిమిది రోజులు దాటితే ఉద్యోగం దానంతటదే పోతుందని సంస్థ ఉద్యోగ నిబంధనలైన స్టాండింగ్ ఆర్డర్‌లో ఉన్నా, విచారణ లేకుండా తీసేయడం చెల్లదని 1993లో డి.కె. యాదవ్ కేసులో తేల్చింది. ఇవి చట్టం కార్మికుడిగా గుర్తించే ‘వర్క్‌మన్’ కేసులు; మేనేజర్లయితే ముందు నియామక పత్రంలోని షరతులు చూడాలి.

హెచ్ఆర్_విశాఖ:
లేఖ వరకు సరే. స్టేటస్ ఉద్యోగికి కనబడేది కాదు కదా, దాన్నెందుకు మార్చడం?

నిఘంటుప్రియ:
బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కి కొత్త కంపెనీ నుంచి ఫోన్ వస్తే మీవాళ్లు చదివి చెప్పేది ఆ స్టేటస్సే. అవతలివాళ్లకు వినబడేది ‘పరారీ’. ‘లెఫ్ట్ వితౌట్ నోటీస్’ అని పెడితే మీకొచ్చే నష్టమేంటి?