కిర్గిజ్‌స్తాన్‌ది ఎదుగుదలా, మారుబేరమా?

బాటసారి:
మా అమ్మాయి కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో వైద్యవిద్య చదువుతున్నందున అక్కడ రెండు వారాలు గడిపాను. ఎటు చూసినా కొత్త అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. 2024లో వృద్ధి 9 శాతమని ప్రభుత్వ లెక్క. అయితే దొర్దోయ్ బజారు చూశాక నాకు అనుమానం మొదలయింది. ఇనుప కంటైనర్లను రెండేసి చొప్పున పేర్చి, కిందిదాన్ని దుకాణంగా, పైదాన్ని గిడ్డంగిగా వాడే ఆ బజారులో సరుకు చాలావరకు చైనాది, టోకున కొనుక్కుపోయేవారిలో ఎందరో పొరుగు దేశాలవారు. 2022లో రష్యాపై ఆంక్షలు బిగిసిన తరువాత ఈ దారిన సరుకుల రాకపోకలు మరింత పెరిగాయి. దీనిని ఎదుగుదల అనవచ్చునా?

కొండదారి:
మారుబేరాన్ని అంత చులకన చేయకండి. సముద్రం లేని ఆ దేశం 1993లోనే రూబుల్‌ను వదిలి సొంత నాణెం సోమ్‌ను తెచ్చుకుంది. 1998లో, మాజీ సోవియట్ దేశాలన్నిటికంటే ముందుగా, ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరి సుంకాలు తక్కువగా ఉంచింది గనుకనే చైనా సరుకు ఆ దారి పట్టింది. 2015లో రష్యా ప్రధానంగా ఉన్న యురేసియన్ ఆర్థిక సమాఖ్యలో చేరాక సుంకాలు పెరిగి దొర్దోయ్ వ్యాపారం దెబ్బతిన్న మాట నిజమే. కానీ బిష్కెక్‌లో చైనా బట్టను కత్తిరించి, కుట్టి, రష్యాకు పంపే చిన్న చిన్న కుట్టుశాలలు ఎన్నో ఉన్నాయి. బజారు చూసిన మీరు వాటిలో ఒక్కదానిలోకైనా తొంగి చూశారా?

గోదారిగట్టు:
మీరిద్దరూ అసలు సంగతి వదిలేశారు. రష్యాకు వలసపోయినవారు ఇంటికి పంపే సొమ్ము కొన్ని సంవత్సరాలలో ఆ దేశ జీడీపీలో నాలుగోవంతును మించింది. మన జగిత్యాల, కోనసీమ పల్లెల్లో గల్ఫ్ డబ్బుతో లేచిన మేడలు అందరం చూసినవే. అక్కడ ఒకటి రెండు జిల్లాలు కాదు, దేశమే ఆ డబ్బు మీద నడుస్తోంది. 2014 చివర రూబుల్ పతనమైనప్పుడు ఆ దెబ్బ కిర్గిజ్ పల్లెల్లో వంటింటి దాకా తగిలింది.

బాటసారి:
కొండదారి గారూ, కుట్టుశాలలకు నేను వెళ్లలేదు, ఆ మేరకు నా మాట తొందరపాటే. గోదారిగట్టు గారు చెప్పినదానికి మాత్రం మరొకటి కలపాలి: మనం కట్టే ఫీజులు కూడా బయటి డబ్బే. 2024 మే నెలలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్లపై మూకలు దాడి చేసినప్పుడు వందల మంది చదువు మధ్యలో ఆపి స్వదేశాలకు వెళ్లిపోయారు; ఈ రాబడి ఎంత త్వరగా ఎండిపోగలదో అప్పుడే తెలిసింది. కుమ్‌తోర్ బంగారు గని 2021లో ప్రభుత్వం చేతికి వచ్చినా, బంగారం ఏదో ఒకనాటికి తరిగిపోయేదే.

ఇక తరగనిది నీరు. నరీన్ నదిపై 1,200 మెగావాట్ల సామర్థ్యంతో కట్టిన తొక్తొగుల్ జలవిద్యుత్ కేంద్రం ఉండి కూడా చలికాలంలో కరెంటు పొరుగువారి దగ్గర కొనుక్కుంటున్నారు. దానికి ఎగువన, కజక్‌స్తాన్, ఉజ్బెకిస్తాన్‌లతో కలిసి తలపెట్టిన 1,860 మెగావాట్ల కంబరాతా-1 పూర్తయి, ఆ కొనుగోలు ఆగిన నాడు, మారుబేరం అన్న మాట నేనే వెనక్కి తీసుకుంటాను.