తొమ్మిదో క్లాసు పాప మిస్టరీ నవలలు తప్ప ఇంకేమీ చదవడం లేదు. ఏముంది వాటిలో?

కందుకూరు అమ్మ:

నమస్తే అండీ. మా పాపకి పద్నాలుగేళ్ళు. ఏడాదిగా ఇంగ్లీషు మిస్టరీ నవలలు తప్ప ఇంకేమీ ముట్టుకోవడం లేదు. ఒంగోలు తీసుకెళ్ళి చెప్పులు కొనిస్తానంటే వద్దని, ఆ డబ్బుతో పుస్తకం అడుగుతుంది. మొన్న కరెంటు పోతే ఫోన్ టార్చి పెట్టుకుని చదువుతూ కూర్చుంది. అన్నం చల్లారిపోయినా లేవలేదు.

పోయిన వారం లెక్కల నోట్సు వెనక పేజీలో నాలుగు పేర్లు కనిపించాయి. పక్కన టైములు, ఒక పేరు చుట్టూ ఎర్ర గీత. నా గుండె జారిపోయింది. రెండు రోజులు నిద్ర లేదు. తీరా అడిగితే, నవలలో ఎవరు అబద్ధం చెబుతున్నారో లెక్క వేసుకుంటోందట. ఆ పుస్తకం తిరగేశాను. పదిహేడేళ్ళ పిల్ల, స్కూలు ప్రాజెక్టు, ఒక పాత హత్య. తిట్టాలో ఊరుకోవాలో తెలియడం లేదు. ఈ వయసు పిల్లల్ని ఇంతగా లాగేది ఏముంది వాటిలో?

పొదిలి మాస్టారు:

వచ్చే ఏడు టెన్త్ కదమ్మా, ఆదివారాలు మాత్రమే చదవమనండి. అయితే టైములు రాసుకుని అబద్ధం పట్టుకునే పిల్ల లెక్కల్లో వెనకబడదు. ఆ పేజీ చించకండి.

స్టోన్‌హౌస్‌పేట:

అమ్మా, నాకిప్పుడు యాభై దాటాయి. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మా నాయనకి అద్దె పుస్తకాల బంకు ఉండేది. స్కూలు వదలగానే నేనే కూర్చునేదాన్ని. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు అట్టలు ఊడిపోతే దారంతో కుట్టేవాళ్ళం. చివరి పేజీలు చిరిగిన పుస్తకాన్ని మాత్రం నాయన అద్దెకిచ్చేవాడు కాదు. ఎవరు చేశారో చెప్పకుండా మనిషిని ఇంటికి పంపించకూడదు అనేవాడు.

నాకు పదమూడేళ్ళప్పుడు మా చిన్నత్త ఇంటికి రావడం మానేసింది. సంక్రాంతికి రాలేదు, రంగనాయకుల స్వామి బ్రహ్మోత్సవాలకీ రాలేదు. ఆమె పేరెత్తితే నాయనమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. 'నీకెందుకుమే, పోయి చదువుకో' అనేవాళ్ళు అందరూ. నాకు మాత్రం అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. అమ్మ మెళ్ళో గొలుసు లేదు. నాయన నెలలో రెండుసార్లు బంకు మూసి ఎక్కడికో పోతున్నాడు. ఉత్తరాలు బియ్యం డబ్బాలో ఉంటున్నాయి. ఒకదానితో ఒకటి అతకడం లేదు.

ఆ ఏడాదే బంకులో ఉన్న యుగంధర్ నవలలన్నీ చదివాను. అందులో నాకు ఇష్టమైనవాడు అసిస్టెంటు రాజు. ఎందుకంటే రాజు అడిగితే యుగంధర్ జవాబు చెబుతాడు. మా ఇంట్లో నాకెవరూ చెప్పలేదు. అత్తకి జబ్బు చేసి మద్రాసు ఆసుపత్రిలో ఉందని, గొలుసు అందుకే పోయిందని, ఆమె పోయాక తెలిసింది.

ఈ వయసులో పిల్లలకి అన్నీ కనిపిస్తాయమ్మా, ఎవరూ ఏదీ చెప్పరు. మిస్టరీ నవలలో అలా కాదు. ఆనవాళ్ళు మన కళ్ళ ముందే పెడతారు. మనం దాటేసి పోతాం, చివర్లో వెనక్కి తిప్పి చూస్తే అక్కడే ఉంటాయి. గమనించిన పిల్లని చిన్నదానివి పొమ్మనరు.

మా అమ్మాయి కోసం కొన్న ఇంగ్లీషు నవలలు, నాన్సీ డ్రూ అనే డిటెక్టివ్ పిల్లవి, నేనూ చదివాను. 1930లో మొదలైనవి. అట్ట మీద కారొలిన్ కీన్ అని ఉంటుంది కానీ అది కలం పేరు, దాని వెనక చాలామంది రాశారు. మొదట్లో నాన్సీకి పదహారేళ్ళు, తర్వాత పద్దెనిమిది చేశారు. తల్లి లేదు. తండ్రి లాయరు, తన కేసుల సంగతి కూతురితో మాట్లాడతాడు. నాకు అందులో దొంగలెవరూ గుర్తులేరు, ఆ తండ్రి గుర్తున్నాడు. సత్యజిత్ రాయ్ 1965లో 'సందేశ్' అనే బెంగాలీ పిల్లల పత్రికలో మొదలుపెట్టిన డిటెక్టివ్ ఫెలూదా కథలు కూడా ఇవ్వండి. ఆ కథలు చెప్పేది తమ్ముడి వరసైన తోప్సే అనే కుర్రాడు.

కావలి, ఇంటర్ సెకండియర్:

ఆంటీ, ఆ పదిహేడేళ్ళ పిల్ల పిప్ అయి ఉంటుంది. హోలీ జాక్సన్ రాసిన 'ఎ గుడ్ గర్ల్స్ గైడ్ టు మర్డర్', 2019లో వచ్చింది. ఫలానా కుర్రాడే చంపాడని ఊరంతా తేల్చేసి ఐదేళ్ళవుతుంది. పిప్ నమ్మదు. మధ్యమధ్యలో ఆమె ప్రాజెక్టు నోట్సు, ఇంటర్వ్యూలు ఉన్నదున్నట్టు ఇస్తారు, అందుకే మనకీ టైములు రాసుకోవాలనిపిస్తుంది.

నన్ను పట్టుకున్నది మాత్రం హత్య కాదు. మా హాస్టల్ రూంలో ఒకసారి డబ్బు పోయింది. ఫీజు కట్టని అమ్మాయి ఒకామె ఉంటే అందరూ ఆమె మీద పడ్డారు. నేనూ నమ్మాను. నెల తర్వాత ఆ డబ్బు, పోయిందన్న అమ్మాయి సూట్‌కేసు లైనింగులోనే దొరికింది. అప్పటికే ఆ ఫీజు కట్టని అమ్మాయి హాస్టల్ మానేసింది. ఎవరూ సారీ చెప్పలేదు. పిప్ కథ చదువుతుంటే ప్రతి పేజీలో ఆమె మొహమే కనిపించింది. పుస్తకం అయిపోయిన రోజు నంబర్ కనుక్కుని ఫోన్ చేశాను. చాలాసేపు ఏడ్చింది.

మత్తుమందుల లాంటి బరువైన సంగతులు కూడా ఉంటాయి ఆంటీ. మీరూ చదివితే మంచిది.

కందుకూరు అమ్మ:

స్టోన్‌హౌస్‌పేట అమ్మా, మీ బియ్యం డబ్బా దగ్గర ఆగిపోయాను. మా ఇంట్లోనూ ఆరు నెలలుగా ఒక సంగతి నడుస్తోంది. పొగాకులో దెబ్బతిని అప్పు పడింది, సింగరాయకొండ దగ్గర స్థలం అమ్మకానికి పెట్టాం. పాప ముందు ఎప్పుడూ మాట్లాడలేదు. నిన్న రాత్రి కూర్చోబెట్టి చెప్పాను. 'తెలుసమ్మా, నాన్న పొగాకు బ్యారన్ వెనక్కెళ్ళి ఫోన్ మాట్లాడుతున్నప్పటి నుంచీ తెలుసు' అంది. ఏ రోజు ఎవరొచ్చారో వరసగా చెప్పింది. స్థలం చూడటానికి వచ్చినాయన మొదట చెప్పిన మాటకి, తర్వాత చెప్పిన మాటకి పొంతన లేదని కూడా అంది. వాళ్ళ నాన్న కాసేపు ఏమీ అనలేదు, తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, మళ్ళీ మొదట్నుంచి చెప్పమ్మా అన్నారు.

ఆ పుస్తకం ఇప్పుడు నేను చదువుతున్నాను, నలభయ్యో పేజీలో ఉన్నా. ఆ పేరు చుట్టూ ఎర్ర గీత ఎందుకు గీశావని అడిగితే, నువ్వే చదివి తెలుసుకో అంటోంది.