ట్రైలర్ రివర్స్: అద్దాలను నమ్మాలా, వెనక నిలబడ్డ మనిషిని నమ్మాలా?

కొత్త హెవీ
ఇంతకాలం పది చక్రాల లారీ నడిపాను. ఇప్పుడు విశాఖ పోర్టు నుంచి కంటైనర్లు మోసే ట్రైలర్ మీద పని దొరికింది. ముందుకు నడపడంలో ఇబ్బంది లేదు, చిక్కంతా రివర్స్‌లోనే. నలభై అడుగుల కంటైనరును గోడౌన్ డాక్‌కు, అంటే సరుకు దించే అరుగుకు, ఆనించాలంటే హార్సు (క్యాబిన్ ఉండి ట్రైలర్‌ను లాగే ముందు బండి) ఒక దిక్కుకు, ట్రైలర్ ఇంకో దిక్కుకు పోతున్నాయి. నాకు నేర్పుతున్న సీనియర్లు ఇద్దరూ చెరో మాట చెబుతున్నారు. అద్దాలు తప్ప ఇంకేమీ చూడవద్దంటారు ఒకాయన. అద్దాలు మోసం చేస్తాయి, వెనక మనిషిని నిలబెట్టి అతని మాట విను అంటారు ఇంకొకాయన. ట్రైలర్ నడిపేవాళ్ళు చెప్పండి, ఏది అలవాటు చేసుకోవాలి?

రెండద్దాలు
అద్దాలే. ఇందులో సందేహం అక్కర్లేదు.

ముందుగా హార్సునూ ట్రైలర్‌నూ ఒకే గీత మీదకు తెచ్చుకో. అందుకు డాక్ దాటి బాగా ముందుకు లాగాలి. చోటు ఉండి కూడా బద్ధకించి, వంకరగా ఉన్నప్పుడే రివర్స్ వేసేవాళ్ళు చాలామంది. ట్రైలర్ తోక కుడికి పోవాలంటే స్టీరింగ్ ముందు ఎడమకు తిప్పాలి. అది తిరగడం మొదలవగానే స్టీరింగ్ కుడికి తెచ్చి, హార్సును ట్రైలర్ వెంట పంపాలి. ఈ రెండో పని ఆలస్యమైతే బండి మడతపడుతుంది. కోణం ఒక హద్దు దాటిందంటే ఎటు తిప్పినా లాభం లేదు, ముందుకు లాగాల్సిందే. మొండిగా వెనక్కి తోస్తే క్యాబిన్ వెళ్ళి కంటైనర్ మూలకు తగులుతుంది, గాలి పైపులు తెగుతాయి.

ఎటు తిప్పాలో తికమకగా ఉంటే స్టీరింగ్‌ను కింది భాగంలో పట్టుకో. చెయ్యి ఎటు జరిగితే ట్రైలర్ తోక అటు జరుగుతుంది. నేరుగా వెనక్కి వస్తున్నప్పుడు ట్రైలర్ ఏ అద్దంలో ఎక్కువగా కనబడితే స్టీరింగ్ ఆ వైపుకే కొంచెం తిప్పు, సర్దుకుంటుంది. చూపు ట్రైలర్ వెనక చక్రాల మీద ఉండాలి, కంటైనర్ మూల మీద కాదు. యాక్సిలరేటర్ జోలికి పోకు. ఇవన్నీ అద్దంలో కనిపించేవే. వెనక నిలబడి కేకలు వేసేవాడు ఇందులో ఏది చెప్పగలడు?

పాత క్లీనర్
రెండద్దాలు గారు పాఠం బాగా చెప్పారు. ఒక్క సంగతి వదిలేశారు. కంటైనర్ పొడవు 12 మీటర్ల పైన, వెడల్పు దాదాపు రెండున్నర మీటర్లు. దాని సరిగ్గా వెనక ఏముందో ఏ అద్దంలో కనిపిస్తుంది? ట్రైలర్ ఎడమకు తిరిగిందంటే కుడి అద్దంలో ఉత్త నేల, ఎడమ అద్దం నిండా కంటైనర్ రేకు. వెనక హమాలీ బీడీ కాలుస్తూ కూర్చున్నాడో, ర్యాంపు అంచు విరిగి ఉందో, పైన కరెంటు తీగ వేలాడుతోందో మనిషే చెప్పాలి. కొత్త తమ్ముడూ, మనిషి లేకుండా రివర్స్ వేయకు.

ట్రాక్టర్ రాజు
మీ గొడవ మీది. ఊళ్ళో ట్రాక్టర్ ట్రాలీ వెనక్కి నడిపినవాడికి ఈ నలభై అడుగులు ఒక లెక్కా! మా వైపు ధాన్యం ట్రాలీని మిల్లు సందులోకి పంపేది పదిహేనేళ్ళ కుర్రాళ్ళే. నేర్చుకోవాలంటే ముందు ట్రాలీ నడపండి.

రెండద్దాలు
రాజు గారూ, మీ ట్రాలీ వేరు, మా ట్రైలర్ వేరు. ట్రాక్టర్‌కు కొక్కెం వెనక ఇరుసు దాటాక ఉంటుంది. స్టీరింగ్ తిప్పగానే ఆ కొక్కెం పక్కకు ఊగి ట్రాలీని చటుక్కున తిప్పేస్తుంది. హార్సులో ఫిఫ్త్ వీల్, అంటే ట్రైలర్‌ను తగిలించే పళ్ళెం, ఇరుసుల మీదే కూర్చుంటుంది కనుక ఆ ఊపు రాదు. పైగా ట్రాలీ పొట్టిది, తొందరగా తిరుగుతుంది, తొందరగా మడతపడుతుంది. నలభై అడుగులది నిదానంగా కదులుతుంది. ట్రాలీ అలవాటున్నవాళ్ళు ఇది ఇంకా తిరగలేదనుకుని స్టీరింగ్ మరీ ఎక్కువ తిప్పేస్తారు. మీ ట్రాక్టర్‌కు కుడి చక్రానికీ ఎడమ చక్రానికీ విడివిడి బ్రేకులు ఉంటాయి, ఒకటి తొక్కితే ఉన్నచోటే తిరుగుతుంది. హార్సుకు ఆ సౌకర్యం ఎక్కడిది?

ట్రాక్టర్ రాజు
అంటే మాది కష్టమని మీరే ఒప్పుకున్నారు. కష్టమైనది వచ్చినవాడికి సులువైనది రాదా?

రెండద్దాలు
కష్టం, సులువు అనలేదు. వేరు అన్నాను.

ట్రాక్టర్ రాజు
నాలుగు చక్రాల ట్రాలీని, అదే ముందు ఇరుసు కూడా తిరిగేదాన్ని, ఒక్కసారి వెనక్కి నడిపి చూపించండి. తర్వాత మాట్లాడుకుందాం.

దమ్మామ్ డ్రైవర్
నేను సౌదీలో ట్రైలర్ నడుపుతున్నాను. ఇక్కడ స్టీరింగ్ ఎడమ పక్కన ఉంటుంది కనుక ట్రైలర్‌ను ఎడమకు తిప్పుతూ వెనక్కి రావడం తేలిక, కిటికీలోంచి కళ్ళారా కనబడుతుంది. మన దేశంలో అది కుడి వైపు. కొత్తవాళ్ళు వీలున్నంత వరకు బండి డ్రైవర్ పక్కకు తిరిగేలా ముందే నిలుపుకోవాలి. దానికోసం యార్డు ఒక చుట్టు తిరగాల్సి వచ్చినా తప్పు లేదు. క్లీనర్ అనేవాడు ఇక్కడ ఉండడు. అనుమానం వస్తే హ్యాండ్ బ్రేక్ వేసి దిగి చూడటమే. ఎన్నిసార్లు దిగినా ఎవరూ నవ్వరు.

పాత క్లీనర్
దిగి చూసి మళ్ళీ ఎక్కేలోపు ఆ హమాలీ కూర్చున్నచోటే ఉంటాడా?

రెండద్దాలు
మీ క్లీనర్ మాత్రం కనబడేచోటే నిలబడతాడా? సరిగ్గా ట్రైలర్ వెనక నిలబడి చెయ్యి ఊపుతాడు. డ్రైవర్‌కు కనిపించని చెయ్యి ఎందుకు? 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. అన్నీ మూసుకున్న క్యాబిన్‌లోకి ‘రానీ రానీ’ అన్న కేక ఎలా చేరుతుంది?

పాత క్లీనర్
ఏసీ ఉన్న బండికి కిటికీ ఉండదా? దించుకోవచ్చు.

రెండద్దాలు
దించుకున్నా యార్డులో పది ఇంజన్ల మోత. ఎవరి క్లీనర్ ఎవరికి చెబుతున్నాడో తెలియదు.

గోడౌన్ మేస్త్రీ
డాక్ దగ్గర రోజూ చూసేవాణ్ణి చెబుతున్నాను. ట్రైలర్ తోక దగ్గర దెబ్బలు తక్కువ. అందరూ వెనకే చూస్తుంటారు, హార్సు ముక్కు ఎదురు పక్కకు ఊగి ఆగి ఉన్న మోటార్ సైకిళ్ళను పడేస్తుంది. ముందు ఎవరు చూస్తున్నారో అది కూడా తేల్చండి.

కొత్త హెవీ
మేస్త్రీ గారూ, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. ఇంకో సందేహం. నేను లైసెన్సు పరీక్ష ఇచ్చింది ఆరు చక్రాల లారీతో. ట్రైలర్‌తో రివర్స్ ఎవరూ అడగలేదు. అందరికీ ఇంతేనా?

నిబంధనల నారాయణ
కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 15వది చదవండి. అభ్యర్థి బండిని వెనక్కి నడపాలి, ఇరుకు ఖాళీలోకి కుడికి గాని ఎడమకు గాని అదుపు తప్పకుండా పెట్టి చూపాలి అని ఉంది. రివర్స్ లేదనడం సరికాదు.

కొత్త హెవీ
రివర్స్ లేదనలేదండీ. ట్రైలర్‌తో లేదన్నాను.

నిబంధనల నారాయణ
నిబంధనలో రివర్స్ ఉంది. నేను చెప్పేది అంతే.

లెస్టర్ తెలుగు
బ్రిటన్‌లో ట్రైలర్ లైసెన్సు కావాలంటే పరీక్ష ట్రైలర్‌తోనే ఇవ్వాలి. రివర్స్, ట్రైలర్ విప్పి మళ్ళీ తగిలించడం రోడ్డు మీద కాకుండా విడిగా చేయిస్తారు.

లారీ ఓనర్, గుంటూరు
బ్రిటన్ కబుర్లు ఎందుకు? ఇక్కడి సంగతి నేను చెబుతాను, బండ్లు నావి. కొత్త డ్రైవర్లకు ఓపిక లేదు. ముందుకు లాగి సరిచేసుకోమంటే నామోషీ. స్టీరింగ్ పూర్తిగా విరిచి ట్రైలర్‌ను ఉన్నచోటే గిరగిరా తిప్పుతారు. మూడు ఇరుసుల టైర్లు అడ్డంగా నేలకు రాసుకుపోతాయి. ఆ టైర్ల ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? అద్దాలు చూడటం వచ్చినవాడికి మనిషితో పని లేదు. రెండద్దాలు గారు చెప్పిందే నిజం.

పాత క్లీనర్
ఓనర్ గారు వచ్చారా, సంతోషం. మీ బండ్లకు క్లీనర్లు ఉన్నారా?

లారీ ఓనర్, గుంటూరు
ఎవరు దొరుకుతున్నారండీ? ఈ కాలం కుర్రాళ్ళు క్లీనర్ పనికి రారు. వచ్చినా ఒక ట్రిప్పుకే మాయం.

రెండద్దాలు
ఉన్న రోజుల్లో మాత్రం ఏం ఒరిగింది? సగం మంది నిద్రమొహాలు. బండి గుద్దాక ‘ఆపు’ అని అరిచేవాళ్ళు.

పాత క్లీనర్
నిద్రమొహాలా! రాత్రంతా డ్రైవర్ కునుకు తీయకుండా కబుర్లు చెప్పింది ఎవరు? టైరు పంక్చరైతే జాకీ కింద దూరింది ఎవరు? ఆ నిద్రమొహాల్లోంచే కదా మీరంతా డ్రైవర్లు అయ్యారు. మీకు రివర్స్ నేర్పింది అద్దమా, ఏ ఓస్తాదు పక్కన కూర్చునో నేర్చుకున్నారా?

రెండద్దాలు
ఓస్తాదు నేర్పింది తిట్లు. రివర్స్ నేను సొంతంగా నేర్చుకున్నాను.

పాత క్లీనర్
సొంతంగా, ఎవరి బండి మీద? ఎవరి డీజిల్‌తో?

నిర్వాహకుడు
వ్యక్తిగత మాటలు వద్దు. ప్రశ్న రివర్స్ గురించి.

పాత క్లీనర్
నేనూ రివర్స్ గురించే చెబుతున్నాను, కాస్త వినండి. నేను క్లీనర్‌గా ఉన్నప్పుడు ఖాళీ బండిని యార్డులో వెనక్కి ముందుకు నడిపేవాణ్ణి. ఓస్తాదు పక్కన కూర్చుని టీ తాగుతూ తిట్టేవాడు. అదే నా బడి. తర్వాత డ్రైవర్‌నయ్యాను. ఒక యజమాని దగ్గర క్లీనర్‌ను తీసేశారు, జీతం మిగులుతుందని. వానలో, చీకట్లో, వెలుతురు లేని ఒక గోడౌన్‌లో డాక్ స్తంభానికి ట్రైలర్ బంపర్ తగిలింది. ఖర్చు మొత్తం నా బత్తాలో కోశారు. వెనక మనిషి ఎందుకు లేడని నేనడిగితే, అద్దాలు చూడటం రాదా అన్నారు. అందుకే అద్దాలు చాలు అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అది డ్రైవింగ్ పాఠం కాదు, జీతం లెక్క.

లారీ ఓనర్, గుంటూరు
అందరు ఓనర్లనూ ఒకే గాటన కట్టకండి. నేను టైరు ఖర్చు ఎవరి జీతంలోనూ కోయలేదు.

పాత క్లీనర్
బంపర్ ఖర్చు?

లారీ ఓనర్, గుంటూరు
నిర్లక్ష్యం అయితే కోస్తాం. కిస్తీలు కట్టేది మేము. బండి డాక్ దగ్గర నిలిచిపోతే డిటెన్షన్, అంటే ఆగినందుకు ఇచ్చే డబ్బు, కూడా రాదు.

నిబంధనల నారాయణ
నష్టానికి జీతంలో కోత వేసే ముందు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనే ఉండేది. దాని స్థానంలో వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఉంది. నోటి మాటతో కోయడం చెల్లదు.

దమ్మామ్ డ్రైవర్
నేషనల్ పర్మిట్ లారీలో ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధనను 2018లో ఎత్తేశారు. అప్పటి నుంచే కదా బండిలో రెండో మనిషి మాయమైంది?

నిబంధనల నారాయణ
అది డ్రైవర్ల సంగతి, క్లీనర్ల సంగతి కాదు.

రెండద్దాలు
నారాయణ గారు, ఏ ప్రశ్నకూ పూర్తి జవాబు ఇవ్వకూడదని నియమం పెట్టుకున్నారా? పాత క్లీనర్ గారూ, ఒక్క సంగతి. బత్తా కోయడం అన్యాయం, దాని మీద మీతో తగువు లేదు. కానీ క్లీనర్ లేడని ఈ కుర్రాడు పని మానుకోలేడు. రేపు పొద్దున అతను డాక్‌కు ఒంటరిగా పెట్టాలి. అతనికి నేను అద్దాలు నేర్పకపోతే ఏం నేర్పాలి? మనిషి ఉండాలి, ఉండాలి అని మీరు ఎంత రాసినా ఆ మనిషి రాడు.

పాత క్లీనర్
రాడని మీరే ముందు ఒప్పేసుకుంటే ఇక ఎందుకు వస్తాడు? కనీసం గోడౌన్ వాళ్ళను అడగమనండి. సరుకు వాళ్ళది, డాక్ వాళ్ళది. ఒక మనిషిని నిలబెడితే ఏం పోతుంది?

గోడౌన్ మేస్త్రీ
మా దగ్గర నిలబెడతాం, పగటి పూట. రాత్రి వాచ్‌మన్ ఒక్కడే ఉంటాడు, గేటు వదిలి రాకూడదని మా వాళ్ళ ఆజ్ఞ. డ్రైవర్లు అడిగితే గేటు మూసి వస్తాడు. అడిగేవాళ్ళు తక్కువ.

కొత్త హెవీ
నాకు అర్థమైనంత వరకు, అద్దాలతో నడపాలి, వెనక ఏముందో మనిషితో గాని దిగి గాని చూసుకోవాలి, ముందు ముక్కు కూడా గమనించాలి. అది సరే. నేర్చుకోవడానికి చోటు ఎక్కడ? ట్రిప్పు మధ్యలో, వెనక పది బండ్లు హారన్ కొడుతుంటే నేర్చుకోలేను. ఖాళీ ట్రైలర్, ఖాళీ జాగా, రెండు పీపాలు చాలు. మా యజమానిని అడిగితే డీజిల్ ఎవరిస్తారన్నారు.

ట్రాక్టర్ రాజు
ఊరికి రా, పొలం కోతలు అయిపోయాయి. ట్రాలీ మీద నేర్పుతాను.

లారీ ఓనర్, గుంటూరు
ట్రాలీ వద్దు. తమ్ముడూ, విశాఖలో కాదు గానీ మంగళగిరి వైపు వచ్చే ట్రిప్పు ఉంటే చెప్పు. ఆదివారం మా యార్డు ఖాళీ. ఇరవై అడుగులది ఒకటి, నలభై అడుగులది ఒకటి ఖాళీగా ఉంటాయి. పొట్టిదే ముందు మడతపడుతుంది, రెండూ నడిపి తేడా చూసుకో. డీజిల్ నాది.

పాత క్లీనర్
ఏదైనా తగిలితే?

లారీ ఓనర్, గుంటూరు
ఖాళీ యార్డులో తగలడానికి ఏముందండీ?

పాత క్లీనర్
ప్రహరీ ఉంది కదా. కోత ఉండదని ఇక్కడే, అందరి ముందూ రాయండి.

లారీ ఓనర్, గుంటూరు
ప్రహరీ దగ్గరికి పోవద్దని చెబుతాను. సరే, రాస్తున్నాను: ఆదివారం నేర్చుకునేటప్పుడు ఏం జరిగినా పైసా అడగను. మరి వెనక నిలబడేది ఎవరు? మీరు వస్తారా?

పాత క్లీనర్
బస్సు చార్జీ ఇస్తే వస్తాను.