ఏరువాక, రజొ ఒకే రోజు పడితే మీ ఊళ్లో అరక కడతారా?

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు వ్యవసాయం తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. మనకు జ్యేష్ఠ పౌర్ణమి ఏరువాక. ఎద్దుల్ని కడిగి, కొమ్ములకు రంగులు పూసి, నాగలికి పూజ చేసి తొలి చాలు వేస్తాం. పక్కింటి ఒడియావాళ్లకు మిథున సంక్రాంతి చుట్టూ మూడు రోజులు రజొ పండుగ. భూదేవి రజస్వల కాబట్టి నేలను దున్నరు, తవ్వరు. నాలుగో రోజు రుబ్బురాయికి పసుపు రాసి స్నానం చేయిస్తారు, ఆ తర్వాతే పని.

ఏరువాక తిథితో నడుస్తుంది, రజొ సూర్యుడితో. 2023లో ఏరువాక జూన్ 4నే అయిపోయింది, పేచీ లేదు. 2022లో మాత్రం పౌర్ణమి, తొలి రజొ రెండూ జూన్ 14నే. అలాంటప్పుడు పూజ మట్టుకు చేసి చాలు వాయిదా వేస్తారా? పొలం మనది, దున్నేవాడు ఒడియా అయితే ఎవరి మాట చెల్లుతుంది? (అస్సాంలో ఇదే నమ్మకం అంబుబాచి పేరుతో వారం ఆలస్యంగా, ఆరుద్రలో వస్తుంది.)

ఇంకొకటి, సామెతలు. "రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి", "ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు" వంటివాటికి ఒడియాలో జోడీ ఉంటే ఉన్నమాట ఉన్నట్టే, తెలుగు లిపిలో రాయండి. అనువదిస్తే ప్రాస పోతుంది, ఏ నక్షత్రమో కూడా జారిపోతుంది. "జూన్ సామెత" అంటే చాలదు. కార్తె పదమూడు, పద్నాలుగు రోజులే, ఒక్క జూన్‌లోనే రోహిణి, మృగశిర, ఆరుద్ర మూడూ తగులుతాయి. ఏ ఊరు, మెట్టా పల్లమా అన్నదీ చెప్పండి.