హౌసింగ్ అసోసియేషన్ ఫ్లాట్‌లో నల్ల బూజు, అడిగితే కిటికీలు తెరవమంటున్నారు, ఏం చేయాలి?

స్రవంతి_ఈస్ట్‌హామ్:
అందరికీ నమస్తే. ఇంగ్లాండ్‌లో ఐఎల్ఆర్ (శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చాక ఆరేళ్ళు హౌసింగ్ అసోసియేషన్ (తక్కువ అద్దెకి ఇళ్ళిచ్చే సంస్థ) వెయిటింగ్ లిస్టులో ఉంటే పోయిన మార్చిలో మాకు రెండు బెడ్‌రూముల ఫ్లాట్ వచ్చింది, 1970ల్లో కట్టిన కాంక్రీట్ బ్లాక్‌లో మూడో అంతస్తు. ఎండాకాలం అంతా బాగానే ఉంది. నవంబర్ మొదలయ్యేసరికి పొద్దున్నే కిటికీ అద్దాల మీద నీళ్ళు కారుతున్నాయి, బాబు గదిలో బీరువా జరిపి చూస్తే వెనక గోడంతా నల్లటి చుక్కలు, కింద కార్పెట్ అంచు కూడా చెమ్మగా ఉంది. పట్టుచీరల పెట్టె తెరిస్తే ముక్కిన వాసన. బాబుకి నాలుగేళ్ళు, రాత్రి పడుకోగానే దగ్గు, ఒక్కోసారి పిల్లికూతలు, జీపీ (మా ఏరియా డాక్టర్) ఇన్‌హేలర్ రాశారు.

అసోసియేషన్‌కి రెండుసార్లు ఫోన్ చేస్తే ఒకాయన వచ్చి అయిదు నిమిషాలు చూసి రెండు ఫొటోలు తీసుకుని, మీరు వంట ఎక్కువ చేస్తారు, బట్టలు లోపల ఆరేస్తారు, కిటికీలు తెరవండి అని కాగితం చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. అన్నం వండుకోవడం కూడా తప్పేనా అని ఆ రోజంతా మనసు బాగోలేదు. మాది ప్రీపెయిడ్ మీటర్, హీటింగ్ రోజంతా వేసే స్తోమత లేదు. మావారు బూజు మీద పెయింట్ వేసేద్దామంటున్నారు. నిజంగా ఇది మా వంట వల్లేనా? ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

కృష్ణాతీరం:
స్రవంతి గారూ, నేను పదేళ్ళుగా బిల్డింగ్ మెయింటెనెన్స్‌లోనే ఉన్నాను, ముందు పెయింట్ ఆపించండి. బూజు మీద రంగు వేస్తే కొన్ని వారాల్లో మళ్ళీ పైకి వస్తుంది, పైగా సర్వేయర్ (ఇల్లు తనిఖీ చేసే ఆయన) వచ్చినప్పుడు చూపించడానికి ఏమీ మిగలదు.

ఇంటి గోడల నెమ్ము, అంటే చెమ్మ, మూడు రకాలు. నేల నుంచి గోడలోకి ఎక్కేది అయితే కింది అంతస్తులోనే, మీటరు ఎత్తు దాకా మరక, తెల్లటి ఉప్పు కనిపిస్తుంది, మీది మూడో అంతస్తు కాబట్టి అది కాదు. బయట నుంచి వాన నీళ్ళు దిగేది అయితే వాన పడ్డ రెండు రోజుల్లో మరక పెద్దదవుతుంది. మూడోది కండెన్సేషన్, అంటే గాలిలోని ఆవిరి చల్లటి గోడ మీద నీరవడం, మూలల్లో, బీరువా వెనక, కిటికీ చుట్టూ నల్లచుక్కలు. మీరు చెప్పిన దాన్నిబట్టి ఇదే అనిపిస్తోంది, కానీ కండెన్సేషన్ అనగానే తప్పు మీదే అయిపోదు, ఈ మాట గట్టిగా చెప్తున్నాను. నలుగురున్న ఇంట్లో ఊపిరి, స్నానం, వంట, బట్టలు అన్నీ కలిపి రోజుకి పది లీటర్ల దాకా నీటి ఆవిరి గాలిలోకి వెళ్తుంది, అది ఏ దేశం వాళ్ళ ఇంట్లో అయినా అంతే. ఆ ఆవిరి బయటికి పోయే దారి, గోడ మరీ చల్లబడకుండా ఉండే ఇన్సులేషన్ ఈ రెండూ ఇంటికి ఉండాలి, అవి ఇంటి యజమాని పని.

లెక్క చూడండి: గదిలో 20 డిగ్రీలు, తేమ 60 శాతం ఉన్నా, గోడ ఉపరితలం 15 డిగ్రీల దగ్గరికి పడితే అక్కడ తేమ 80 శాతం అవుతుంది, బూజుకి అది చాలు, నీళ్ళు కారనక్కర్లేదు. 12కి పడితే నీళ్ళే పడతాయి. పాత కాంక్రీట్ గోడ మూల జనవరిలో అంత చల్లబడటం మామూలే. అందుకే గాలిలో తేమ కొలిచే పది పౌండ్ల హైగ్రోమీటర్ ఒకటి కొని బాబు గదిలో పెట్టండి, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి అంకెలు రాసుకోండి. బాత్రూమ్ ఫ్యాన్ ఆన్ చేసి టిష్యూ పేపర్ పెట్టి చూడండి, అంటుకుని నిలబడకపోతే ఆ ఫ్యాన్ తిరుగుతున్నా గాలి లాగడం లేదని అర్థం. నేను చూసిన ఫ్లాట్లలో దుమ్ము మూసుకుపోయినవి, గొట్టం ఊడిపోయి గాలి సీలింగ్‌లోకే వదిలేస్తున్నవి ఎన్నో.

లక్ష్మి_లెస్టర్:
స్రవంతీ, నేను మీ అక్క లాంటి దాన్ననుకో, మా పిల్లలిద్దరినీ ఇలాంటి ఫ్లాట్‌లోనే పెంచాను. ముందు ఈ రాత్రే బాబు మంచాన్ని ఆ గోడ దగ్గర నుంచి తీసేయి, వీలైతే మీ గదిలో పడుకోబెట్టు. బూజుని పొడిగా చీపురుతో, బ్రష్‌తో దులపొద్దు, గాలిలోకి లేస్తుంది. బాబు ఇంట్లో లేనప్పుడు మాస్కు, గ్లౌజులు వేసుకుని, కిటికీ తీసి, తలుపు మూసి, బూజు కోసం అమ్మే వాష్‌తో తుడిచి ఆ గుడ్డ పారేయి. బ్లీచ్ వాడితే దాంట్లో వెనిగర్ గానీ, ఇంకే క్లీనర్ గానీ అస్సలు కలపకు, విషవాయువు వస్తుంది. తుడిచే ముందు మాత్రం ఫొటోలు తియ్యి.

వంట మానక్కర్లేదమ్మా. మూత పెట్టు, రైస్ కుక్కర్‌ని ఫ్యాన్ కిందో కిటికీ పక్కనో పెట్టు, వంటింటి తలుపు మూసి వండి, అయ్యాక ఇంకో పావుగంట ఫ్యాన్ ఆపకు. బట్టలు రేడియేటర్ల మీద వేయడం మేమూ చేశాం, ఒక్క లోడు ఆరితే రెండు లీటర్ల దాకా నీళ్ళు ఇంట్లోకే వస్తాయి. బాత్రూమ్‌లో స్టాండు పెట్టి తలుపు మూసి ఫ్యాన్ వేసి ఆరెయ్యి. బీరువా గోడకి జానెడు దూరం జరుపు, వీలైతే లోపలి గోడకి మార్చు. చీరలు ప్లాస్టిక్ కవర్లలోంచి తీసి నూలు గుడ్డలో చుట్టు, ఎండ వచ్చిన రోజు పరిచి గాలి తగలనివ్వు.

వంశీ_77:
ఇంత చర్చ ఎందుకండీ, గాలిలో తేమ లాగేసే డీహ్యూమిడిఫయర్ కొంటే అయిపోతుంది. మేం కొన్నాం, రోజూ బకెట్ నిండుతోంది, కిటికీలు పొడిగా ఉన్నాయి. 200 వాట్లది రాత్రి ఎనిమిది గంటలు వేస్తే 1.6 యూనిట్లు, అంటే 40-45 పెన్సు.

కృష్ణాతీరం:
వంశీ గారూ, అది పనిచేస్తుంది, కాదనను, బాబు కోసం ఇప్పటికి కొనడం మంచిదే. కానీ ఫ్యాన్ చెడిపోయి, గోడ చల్లగా ఉన్న ఇంటికి ఆ 45 పెన్సు ప్రతి రాత్రీ వీళ్ళెందుకు కట్టాలి? ప్రీపెయిడ్ మీటర్ వాళ్ళకి అది చిన్న మొత్తం కాదు. కొన్నా సరే, రిపేరు అడగడం ఆపకండి.

పద్మ_కౌన్సిల్‌టెనెంట్:
స్రవంతి గారూ, ఫోన్లు మానేసి ఈమెయిల్ రాయండి. రాచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ పిల్లాడు బూజు వల్ల ఊపిరి సమస్యతో 2020 డిసెంబర్‌లో చనిపోయాడు. వాళ్ళ నాన్న 2017లో మొదటిసారి చెప్తే రంగు వేసుకోమన్నారట. ఆ బిడ్డ పేరు మీదే అవాబ్స్ లా అనే చట్టం వచ్చింది, 2025 అక్టోబర్ 27 నుంచి ఇంగ్లాండ్‌లో కౌన్సిల్, హౌసింగ్ అసోసియేషన్ ఇళ్ళకి అమల్లో ఉంది. ఆరోగ్యానికి గట్టి ప్రమాదం ఉన్న నెమ్ము, బూజు గురించి చెప్తే 10 పని దినాల్లో విచారణ చేయాలి, అది పూర్తయ్యాక 3 పని దినాల్లో ఏం తేలిందో రాసివ్వాలి, 5 పని దినాల్లో ఇల్లు ప్రమాదం లేకుండా చేయాలి. ఎమర్జెన్సీ అయితే 24 గంటలే. గడువులోగా చేయలేకపోతే వేరే చోట ఉండటానికి ఏర్పాటు చూపాలి.

మెయిల్‌లో బాబు వయసు, పిల్లికూతలు, ఇన్‌హేలర్ సంగతి తప్పకుండా రాయండి, ఇంట్లో ఎవరున్నారు అన్నదాన్నిబట్టే ప్రమాదం ఎంతో చూస్తారు. జీపీని ఒక లెటర్ అడగండి. జవాబు రాకపోతే సబ్జెక్టులో ఫార్మల్ కంప్లయింట్ అని రాసి పంపండి, అందిందని 5 పని దినాల్లో చెప్పాలి, ఆ తర్వాత 10 పని దినాల్లో మొదటి జవాబు ఇవ్వాలి. అది నచ్చకపోతే రెండో దశ, దానికి 20. అప్పటికీ కాకపోతే హౌసింగ్ ఆంబుడ్స్‌మన్ (ఇళ్ళ ఫిర్యాదులు విడిగా విచారించే సంస్థ), రూపాయి ఖర్చు లేదు. వాళ్ళు 2021లో ఇచ్చిన రిపోర్టు పేరులోనే ఇది జీవనశైలి సమస్య కాదు అని ఉంది. మీకు కాగితం చేతిలో పెట్టినాయనకి ఆ పేరు మెయిల్‌లో గుర్తు చేయండి. అద్దె మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకండి, బాకీ పేరుతో మీ మీదికే తిరుగుతుంది.

స్రవంతి_ఈస్ట్‌హామ్:
అందరికీ పేరుపేరునా థాంక్స్. బాబుని మా గదిలోకి మార్చాం, నిన్న రాత్రి కాస్త నిద్రపోయాడు. హైగ్రోమీటర్ పెట్టాను, పొద్దున వాడి గదిలో 17 డిగ్రీలు, 74 శాతం, అదీ రాత్రంతా ఆ గదిలో ఎవరూ పడుకోకుండా. బాత్రూమ్ ఫ్యాన్‌కి టిష్యూ పెడితే కింద పడిపోయింది, వీడియో తీశాను. పద్మ గారు చెప్పినట్టే అన్నీ కలిపి మధ్యాహ్నం మెయిల్ పంపాను, రిఫరెన్స్ నంబర్ వచ్చింది. ఇవాళ్టి నుంచి పది పని దినాలు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకున్నాను. కృష్ణాతీరం గారూ, సర్వేయర్ వచ్చినప్పుడు గోడ ఎంత చల్లగా ఉందో కొలవమని నేను అడగొచ్చా?

కృష్ణాతీరం:
తప్పకుండా అడగండి. తాకకుండానే గోడ వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వాళ్ళ దగ్గర ఉండాలి. బీరువా వెనక మూలలో, గది మధ్య గోడ మీద రెండు చోట్లా కొలిపించి, ఆ అంకెలు రిపోర్టులో రాయమనండి. వీలైతే పొద్దున్నే రమ్మనండి, మధ్యాహ్నానికి గోడ కాస్త వేడెక్కిపోతుంది.