"గంధోత్తమా ప్రసన్నేరా": ఇందులో ప్రసన్న ఏ మద్యం?

శబ్దమంజరి:
రెండు రోజులుగా ఒక పాదం నన్ను వదలడం లేదు. అమరంలో, అంటే అమరసింహుడి సంస్కృత నిఘంటువు అమరకోశంలో, మద్యం పేర్లు చెప్పేచోటిది. "గంధోత్తమా ప్రసన్నేరా కాదంబర్యః..." ఆ తర్వాతి మాట ఎంత తవ్వినా రావడం లేదు. అయితే అసలు సందేహం "ప్రసన్నేరా" మీద. ప్రసన్నా, ఇరా అని రెండు పేర్లేనా? ప్రసన్న అంటే ఏ మద్యమైనా సరేనా, తేటగా ఉన్నదానికేనా?

ఎందుకు గుర్తొచ్చిందో చెబుతాను. మన్‌హాటన్ కాక్‌టెయిల్‌కి సరుకులు ఎలా ఎంచుకోవాలో తెలుగులో రాస్తున్నాను. రై విస్కీ 60 మి.లీ., తీపి వెర్మూత్ (మూలికల సారం చేర్చిన వైను) 30 మి.లీ., అంగోస్తురా బిట్టర్స్ (చేదు మూలికల సారం) రెండు డాష్‌లు, అడుగున ఒక చెర్రీ. ఐసుతో కలిపి తిప్పాలి, షేక్ చేయకూడదు. తెలియక మొదటిసారి షేకర్‌లో పోసి గట్టిగా కుదిపాను. గ్లాసులోకి వంచితే పైన నురగ, లోపల బురదనీళ్ల రంగు. రెండోసారి పొడుగు స్పూనుతో అర నిమిషం నెమ్మదిగా తిప్పి వడకట్టాను. గ్లాసు అడుగున చెర్రీ, దాని కాడ, కాడ మీది ముడి కూడా కనిపించాయి. అది చూడగానే నోట్లోకి వచ్చిన మాట "ప్రసన్నం". వ్యాసంలో వాడొచ్చా? వాడితే తప్పవుతుందా?

పాత పంతులు:
జారిపోయిన మాట "పరిస్రుతా" అమ్మా. దంత్య సకారం. చాలామంది "పరిశ్రుతా" అని రాస్తారు. ఇది వినబడేది కాదు, కారేది. స్రవించేది కనకే పరిస్రుత. పై పాదం చివర్లో "పరిస్రుద్వరుణాత్మజా" అని ఇదే మాట తకారాంతంగా కూడా ఉంది, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇక ప్రసన్నా, ఇరా రెండు పేర్లే. ఆకారం మీద ఇకారం వస్తే ఏకారం, గుణసంధి. అక్కడ మద్యానికి పర్యాయపదాలు వరసగా చెబుతున్నాడు కాబట్టి మీరు ఏ మద్యానికి వాడినా అమరసింహుడు అడ్డుచెప్పడు.

అరసున్న:
అమరంతో ఆగితే సగమే తెలుస్తుంది పంతులుగారూ. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడి (మద్యం వ్యవహారాలు చూసే అధికారి) అధ్యాయం తీయండి. మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అని ఆరూ విడివిడిగా ఉన్నాయి, ఒకదాని పాళ్లు ఇంకొకదానికి లేవు. ప్రసన్నకి 12 ఆఢకాల పిండి, 5 ప్రస్థాల కిణ్వం (పులియబెట్టే పదార్థం); ఆఢకం, ప్రస్థం పాత కొలతలు. అంటే ధాన్యపు మద్యం. మధువుకి "మృద్వీకారసో మధు" అన్నాడు, అంటే ద్రాక్షరసం. పుట్టినచోటుని బట్టి కాపిశాయనం, హారహూరకం అని పేర్లు కూడా ఇచ్చాడు.

మంజరిగారి గ్లాసులో ఉన్నవి ఏమిటి? విస్కీ ధాన్యంలోంచి వచ్చింది, వెర్మూత్ ద్రాక్షలోంచి వచ్చింది. కాబట్టి ప్రసన్న ఆ గ్లాసులో ఒక సరుకు పేరు. మొత్తం పానీయానికి అది ఎలా సరిపోతుంది?

పాత పంతులు:
అర్థశాస్త్రంలో అది సాంకేతిక పదం బాబూ. కావ్యభాషకు వస్తే ప్రసన్నసలిలం అంటే తేటనీరు. వ్యాసానికి కావలసింది ఈ అర్థమే.

గాజుగ్లాసు:
భాష విషయంలో మీ ముందు నేను విద్యార్థినే. కానీ బార్ కౌంటర్ వెనక పదకొండేళ్లు నిలబడ్డాను కాబట్టి సరుకుల గురించి చెబుతాను.

విస్కీ దగ్గర ముందు తేల్చుకోవలసింది రైనా, బోర్బనా అన్నది. అమెరికా చట్టం ప్రకారం రై విస్కీ అనాలంటే నానబెట్టే ధాన్యంలో కనీసం 51 శాతం రై అనే ధాన్యం ఉండాలి, బోర్బన్ అనాలంటే కనీసం 51 శాతం మొక్కజొన్న. రైలో మిరియం కొరికినట్టు ఒక ఘాటు ఉంటుంది. బోర్బన్ మెత్తన, తీపి వైపు ఒరుగుతుంది. వెర్మూత్ అసలే తీపి. తీపి మీద తీపి పడితే నాలుకకి పట్టు దొరకదు, అందుకే నా ఓటు రైకి. అందులోనూ 50 శాతం ఆల్కహాల్ ఉన్నదైతే మంచిది. ఐసు కరిగి నీళ్లు చేరాక కూడా విస్కీ గొంతు వినబడాలి కదా.

ఆ నీళ్లని చిన్నచూపు చూడకండి. 1806లో ఒక అమెరికన్ పత్రిక కాక్‌టెయిల్ అంటే ఏమిటో చెప్పినప్పుడు మద్యం, చక్కెర, నీళ్లు, బిట్టర్స్ అని నాలుగూ లెక్కపెట్టింది. నీళ్లు కూడా సరుకే. ఐసు పెద్ద ముక్కలుగా, గట్టిగా ఉండాలి. తడిసి చెమ్మగా ఉన్న చిన్న ముక్కలు వేస్తే అర నిమిషంలో పానీయం పలచనైపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ మంది తప్పు చేసేది వెర్మూత్ దగ్గర. అది వైను. మూత తీశాక గాలి తగిలి పాడవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి నెలా, రెండు నెలల్లో వాడేయాలి. ఒకసారి నేను పనిచేసిన చోట మన్‌హాటన్ ఎప్పుడూ పుల్లగా వస్తోందని విస్కీలు మార్చి మార్చి చూశాం. చివరికి తేలింది ఏమిటంటే వెర్మూత్ సీసా నాలుగు నెలలుగా దీపాల వేడి కింద అరలో ఉంది. మూత తీసి వాసన చూస్తే మగ్గిన కిస్‌మిస్, దాని వెనక వెనిగర్. కొత్త సీసా తెరిచిన రోజునే అదే విస్కీ బాగుంది.

మల్లెతీగ:
గాజుగ్లాసుగారూ, ఇంత వివరంగా రాసినందుకు నిజంగా సంతోషం. నాకు వెర్మూత్ అనే మాట మీదే ప్రేమ. జర్మన్ "వేర్మూట్" ఫ్రెంచి నోట్లో పడి ఇలా అయింది. ఆ జర్మన్ మాటకి అర్థం ఒక చేదు మొక్క, ఆర్టెమీసియా జాతిది. మన మాచిపత్రి ఆ జాతే. మరి "మాచిమధువు" అంటే ఎలా ఉంటుంది? అరసున్నగారు చెప్పిన మధువు, అంటే ద్రాక్ష, అందులోనే ఉంది.

అరసున్న:
జాతి ఒకటే, మొక్క ఒకటి కాదు. వెర్మూత్‌కి పేరిచ్చింది ఆర్టెమీసియా అబ్సింథియం. మాచిపత్రి వేరు. జాతి చాలనుకుంటే దవనం కూడా ఆర్టెమీసియానే, "దవనమధువు" అనండి, వాసన కూడా వినిపిస్తుంది.

మల్లెతీగ:
యూరప్ నిబంధనలో కూడా ఆర్టెమీసియా జాతి ఉండాలనే ఉంది, ఫలానా మొక్కే అని కాదు. కాబట్టి మాచిపత్రికి అభ్యంతరం లేదు. పైగా దవనం అనగానే ముందు పరిమళం తడుతుంది, మాచిపత్రి అనగానే చేదు తడుతుంది. వెర్మూత్‌లో ఆ చేదే కదా తీపిని నిలబెట్టేది.

కొత్తపలక:
ఆసవం అనే మంచి మాట ఉండగా కొత్తవి ఎందుకండీ? మూలికలు వేసిన మద్యమేగా.

పాత పంతులు:
ఆ మాట అక్కడ నప్పదు తమ్ముడూ. మూలికల్ని కాచకుండా నీళ్లలో వేసి పులియబెడితే ఆసవం, కషాయం కాచి పులియబెడితే అరిష్టం. రెండిట్లోనూ మూలిక ఉండగానే పులుస్తుంది. వెర్మూత్ ఎలా చేస్తారో గాజుగ్లాసుగారు చెబితే తేలిపోతుంది.

గాజుగ్లాసు:
వైను ముందే పులిసి సిద్ధంగా ఉంటుంది పంతులుగారూ. దానికి మూలికల సారం, చక్కెర, కొంత స్పిరిట్ చేరుస్తారు. ఎక్కువ వాటిల్లో ఆల్కహాల్ 16 నుంచి 18 శాతం మధ్య ఉంటుంది. కాబట్టి మీ లెక్కలో రెండూ కాదు.

వెర్మూత్ రకాలు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉంటాయి కూడా. కార్పానో ఆంటికాలో వెనిలా దట్టంగా ఉంటుంది, ఘాటైన రై పక్కనే అది నిలబడుతుంది, మెత్తటి విస్కీని మింగేస్తుంది. డోలాన్ రూజ్ తేలిక, దాని పక్కన విస్కీ ముందుకొస్తుంది. పుంటె మెస్ చేదుగా ఉంటుంది, అది వాడితే బిట్టర్స్ ఒక డాష్ తగ్గిస్తాను. అందుకే "మంచి వెర్మూత్ ఏది" అని అడిగినవాళ్లని "మీ విస్కీ ఏది" అని ఎదురు అడుగుతాను. విడిగా రుచి చూసి బాగుందనుకున్న రెండు సీసాలు కలిపితే పొసగకపోవడం ఎన్నిసార్లు చూశానో.

యతిప్రాస:
ఇంతమంది ప్రసన్న అంటుంటే నన్నయ గుర్తురాలేదా ఎవరికీ? "సారమతిం గవీంద్రులు ప్రసన్నకథాకలితార్థయుక్తి"... తెలుగువాడికి ప్రసన్నం అంటే ఏమిటో ఆ పద్యంతోనే స్థిరపడింది. అడుగుదాకా కనిపించడం. మంజరిగారికి చెర్రీ కాడ కనిపించింది చూడండి, అదీ ప్రసన్నత. నా లెక్కలో "కలిత" కూడా ఇక్కడికి సరిపోతుంది. కలిత అంటే కూడినది. కాక్‌టెయిల్‌కి "ప్రసన్నకలితం" అని పేరు పెట్టేయవచ్చు.

అరసున్న:
కలిత కాదు. "కథాకవితార్థయుక్తి".

యతిప్రాస:
కలితే. కథతో కూడిన అర్థయుక్తి. కథ ఎక్కడా చెదరకుండా అర్థం దానితో పెనవేసుకుని నడుస్తుంది, ఆదిపర్వం చదివినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. "కవిత" పెడితే కవి తన కవితని కవీంద్రులు మెచ్చుకుంటారని ఒకే ఊపిరిలో కవి శబ్దం రెండుసార్లు అన్నట్టవుతుంది.

అరసున్న:
రెండుసార్లు రావడమే అందం. "గవీంద్రులు" అని ముందు అన్నాడు కాబట్టే "కవిత" ప్రతిధ్వనిస్తుంది. అక్షరరమ్యత అని తరవాత తానే చెప్పుకున్న కవికి ఆ మాత్రం చెవి ఉండదా?

పాత పంతులు:
ఛందస్సు మీ ఇద్దరికీ సాయం రాదు. ఉత్పలమాల. "లి" అయినా "వి" అయినా లఘువే, గణం చెడదు. యతి పదో అక్షరం మీద, "సా"కి "ప్రసన్న"లోని "స". చూడండి, వివాదం "కలిత", "కవిత" మీద ఉంది గాని, యతిస్థానంలో కూర్చున్న "ప్రసన్న"ని ఎవరూ కదపలేరు. నన్నయ ఆ మాటని ఎంత బరువైన చోట పెట్టాడో అనిపిస్తుంది నాకు ఆ పద్యం చదివినప్పుడల్లా. రెండు పాఠాలూ అచ్చులో ఉన్నాయి. నేను "కలిత" అనే చదువుకున్నాను, అలాగే పోతాను.

కొత్తపలక:
క్షమించండి, చెర్రీకి ఏ మాట వాడాలి? అమరంలో అక్కడే "అవదంశస్తు భక్షణమ్" అని ఉంది కదా.

పాత పంతులు:
అవదంశం తాగుడు మధ్యలో దాహం పెంచడానికి కొరికేది. గ్లాసులో మునిగిన పండుకి అది చాలా దూరం. చెర్రీని చెర్రీ అనండి.

గాజుగ్లాసు:
చెర్రీలో కూడా ఎంపిక ఉంది. ఎర్ర బల్బులా మెరిసేవి రంగు తీసేసి మళ్లీ రంగు పట్టించినవి, చక్కెర రుచి తప్ప ఏమీ ఉండదు. మరాస్కా చెర్రీలు పాకంలో నిలవచేసినవి దాదాపు నల్లగా ఉంటాయి, అవి తీసుకోండి. పాకం ఎక్కువ అంటుకుని ఉంటే కొంచెం వంపేసి వేయండి, లేకపోతే అడుగున జిగటగా పేరుకుని మీ ప్రసన్నత పోతుంది.

బిట్టర్స్ గురించి ఒక్క మాట. అంగోస్తురా అనేది ఊరి పేరు, వెనిజులాలో ఉండేది, ఇప్పుడు సియుడాడ్ బొలీవర్ అంటారు. 1824లో సీగర్ట్ అనే డాక్టరు అక్కడ తయారుచేశాడు. అంగోస్తురా అనే చెట్టు పట్ట ఒకటి ఉంది కానీ అది ఇందులో లేదు. వ్యాసంలో "అంగోస్తురా పట్ట రసం" అని మాత్రం రాయకండి, ఆ పొరపాటు చాలాచోట్ల చూశాను.

శబ్దమంజరి:
అలా రాసే ఉంచాను, ఇప్పుడే తీసేశాను. చాలా సాయం చేశారు.

ఒక వాక్యం ఇలా రాశాను, చూసి చెప్పండి: "ఐసుతో అర నిమిషం తిప్పితే పానీయం తేరుతుంది." ప్రసన్నం అంటే వివరణ రాయాల్సి వస్తోంది, అందుకని తెలుగు మాటకి వచ్చాను.

గాజుగ్లాసు:
ఇది నాక్కూడా తెలిసిన మాట కాబట్టి అడుగుతున్నాను. తేరడం అంటే మడ్డి అడుక్కి దిగి పైన తేట నిలవడం కదా? ఇక్కడ దిగేది ఏమీ లేదు. విస్కీ తేటగానే వచ్చింది, వెర్మూత్ తేటగానే వచ్చింది. షేక్ చేస్తే గాలి బుడగలు, ఐసు పొడి చేరి మబ్బేస్తుంది. తిప్పితే మబ్బేయదు, అంతే.

మల్లెతీగ:
అవును, తేట సరే, తేరడం కాదు. "తేటగానే ఉంటుంది" అనండి.

అరసున్న:
అలాగైతే ప్రసన్న అన్న పేరు పిండి మద్యానికి ఎందుకు వచ్చిందో కూడా ఆలోచించాలి. పిండి పులిసి మడ్డి దిగాక పైన నిలిచేదే ప్రసన్న అయితే, అది తేరినదే అవుతుంది, తేటగా పుట్టినది కాదు. మంజరిగారి గ్లాసుకి ఆ పేరు ఇంకొంచెం దూరమైంది.

యతిప్రాస:
నన్నయ ప్రసన్నకథ తేరినదా, తేటగా పుట్టినదా? నాకు ఈ రాత్రి నిద్ర పట్టదు. అరసున్నగారూ, మీ దగ్గరున్న ప్రతిలో "కవిత" పక్కన పాఠాంతరం ఏమైనా చూపించారా? ఆ పేజీ ఒక్కటి ఫొటో తీసి పెట్టగలరా?